సున్నికి తోడు

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు హాల్లో మూలనున్న జాలీ ఇంటిని చూసి మొదట అడిగే మాట "ఇవేంటి, కుందేళ్ళా?" అని. కాదండీ, గినీ పిగ్‌లు అంటే వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. "పెంచుకుంటే పెంచుకున్నారు గానీ, ఒకటి చాలదా? రెండెందుకు?"

మొదటి ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు చెప్పేస్తాను. రెండోదానికి మాత్రం కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి చెప్పాలి. మొన్న మా పై ఫ్లాటావిడ, వాళ్ళబ్బాయి పుట్టినరోజుకి ఒక గినీ పిగ్ కొందామనుకుంటున్నానని సలహాకి వచ్చింది. కాఫీ రెండుసార్లు పెట్టాల్సొచ్చింది. ఆవిడకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

వీటి పేరులో పంది ఉందిగానీ పందితో చుట్టరికం లేదు. గినీ దేశంతో అసలే లేదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల ప్రాంతంలో, ఇప్పటి పెరూ, బొలీవియా, ఈక్వడార్ దేశాల్లో కొన్ని వేల ఏళ్ళ కిందటే వీటిని మచ్చిక చేశారు. అక్కడి పల్లెల్లో ఇప్పటికీ వంటింట్లో నేలమీద గుంపుగా తిరుగుతుంటాయట. కూరల తొక్కలూ, గడ్డీ వేస్తారు. (వండుకు తింటారు కూడా. ఆ సంగతి మా అత్తగారికి ఇంతవరకూ చెప్పలేదు.) వీటి అడవి దాయాదులు కూడా గడ్డినేలల్లో చిన్న చిన్న గుంపులుగానే బతుకుతాయి. పారిపోవడం, దాక్కోవడం తప్ప మరో ఆయుధం లేని ప్రాణి ఇది. పక్కన ఇంకొకటి కరకరమని గడ్డి నములుతోందంటే, ఇప్పుడు భయపడాల్సిందేమీ లేదని అర్థం. మనం రోజుకి రెండు గంటలు ఒళ్ళో పెట్టుకుని ముద్దుచేసినా, మిగతా ఇరవై రెండు గంటలు పక్కన కూర్చుని గడ్డి నమల్లేం కదా.

స్విట్జర్లాండులో అయితే 2008లో తెచ్చిన జంతు సంరక్షణ నిబంధనల ప్రకారం గినీ పిగ్‌ని ఒంటరిగా పెంచకూడదు. కనీసం జత ఉండాలి. జతలో ఒకటి పోతే మిగిలినదానికి తోడుగా ఇంకోదాన్ని కొన్నాళ్ళపాటు ఎరువిచ్చేవాళ్ళు కూడా అక్కడున్నారు. మా పాప ఈ విషయం చదివి వినిపించినప్పుడు మేమంతా నవ్వుకున్నాం. ఎరువు తెచ్చుకోవడానికి పప్పూ ఉప్పూ ఏమిటి అనుకున్నాం. అప్పటికి మా దగ్గర రెండూ ఉన్నాయి.

ఆ రెండూ అక్కచెల్లెళ్ళు. ఒక్క ఈతలో పుట్టినవి. సున్ని, కాజా. సున్ని పూర్తి పేరు సున్నుండ. రంగూ అదే, ఆకారమూ అదే. మూడేళ్ళు మా ఇంట్లో పెరిగాయి. సున్ని పెత్తందారు. ఆకుకూర వెయ్యగానే కాజా నోట్లోంచి కూడా లాక్కుని పోయేది. కాజా ఏమీ అనేది కాదు. ఇంకో ఆకు అందుకునేది. నాకు కాజా అంటే కొంచెం జాలి ఎక్కువ ఉండేది, ఆ సంగతి వేరే.

జులై ఆఖరి వారంలో, విడవని ముసురులో, కాజాకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఈ ప్రాణులు జబ్బుని దాచిపెడతాయి. నీరసం కనపడితే వేటాడేవాళ్ళ కన్ను పడుతుందని వాటి పుట్టుకలోనే ఉన్న జాగ్రత్త. మనకి కనపడేసరికే ముదిరి ఉంటుంది. డాక్టరు చెయ్యగలిగింది చేశారు. మూడో రోజు తెల్లవారుజామున పోయింది.

నేను రాయాలనుకున్నది ఆ తర్వాతి వారం గురించి.

ఫ్రిజ్ తలుపు తీస్తే చాలు, మా ఇంట్లో క్వీక్ క్వీక్ అని రెండు గొంతులు ఒకేసారి లేచేవి. కొత్తిమీర బయటికొస్తుందని వాటికి తెలుసు. కాజా పోయిన మర్నాడు నేను ఫ్రిజ్ తీశాను. ఒక్క చప్పుడు లేదు. సున్ని తన గూట్లో గోడవైపు మొహం పెట్టుకుని కూర్చుంది. కొత్తిమీర ముందు పెడితే రెండు ఆకులు కొరికి వదిలేసింది. వంటింటి త్రాసు మీద తూచాను. మేము ప్రతి ఆదివారం వీటిని తూస్తాం, అట్టమీద రాసి పెడతాం. 940 గ్రాములుండే సున్ని వారం తిరిగేసరికి 872కి దిగింది.

మనిషి ఒక పూట అన్నం మానేస్తే ఏమీ కాదు. వీటికి అలా కాదు. పేగుల్లోకి గడ్డి ఎప్పుడూ పోతూ ఉండాలి. ఒక్కరోజు సరిగ్గా తినకపోయినా పేగుల కదలిక ఆగిపోయి ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు పళ్ళు చూశారు, ఊపిరితిత్తులు విన్నారు. కాజా జబ్బు దీనికి అంటలేదని తేల్చారు. గుళికల మేత నీళ్ళలో నానబెట్టి, మెత్తగా చేసి, సిరంజితో నాలుగు గంటలకోసారి పట్టమన్నారు. రాత్రుళ్ళు పన్నెండింటికి నేను, నాలుగింటికి మావారు. పాపకి పదో తరగతి, దాన్ని లేపలేదు. విటమిన్ సి చుక్కలు కూడా. మనలాగే వీటి ఒంట్లోనూ ఆ విటమిన్ తయారవదు, మేతలోనే అందాలి.

ఐదారు రోజులకి సొంతంగా తినడం మొదలుపెట్టింది. కానీ తినడం వేరు, ఉషారుగా ఉండడం వేరు. పేలాలు వేగుతున్నట్టు ఉన్నచోటే గాల్లోకి ఎగిరి గంతులేసే ప్రాణి, గూట్లోంచి గిన్నె దాకా, గిన్నెలోంచి గూటిదాకా అంతే. "ఇది చిన్నది కాదు, ముసలిదీ కాదు. ఇంకో రెండు మూడేళ్ళు బతకొచ్చు. తోడు చూడండి" అన్నారు డాక్టరు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ మాట ఎత్తాను. అందరూ ఊఁ అన్నారు. అత్తగారు మాత్రం మజ్జిగ అన్నం కలుపుకుంటూ, "తెండి, బాగానే ఉంటుంది. రేపు ఇది పోతే అది ఒంటరిదవుతుంది. దానికి తోడు ఇంకోదాన్ని తేవాలి. అది పోతే మళ్ళీ. ఎక్కడ ఆపుతావమ్మా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. నిజానికి వీటిని పెంచేవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నే ఇది. పాప కాలేజీకి వెళ్ళిపోతే ఇవి నా ఒక్కదాని పనే అవుతాయని కూడా నాకు తెలుసు. అలాగని ఇప్పుడు ఆ గోడవైపు మొహం పెట్టుకుని కూర్చున్నదాన్ని ఏం చెయ్యను?

సరే, తోడు అన్నాక ఎలాంటి తోడు? అందరూ తలోమాటా చెప్పారు. మా తమ్ముడు ఒక అద్దం పెట్టమన్నాడు. అద్దంలో బొమ్మకి వాసనుండదు, అది పలకదు. పక్కింటివాళ్ళు కుందేలిస్తామన్నారు. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, కుందేలు వెనక కాళ్ళతో ఒక్క తన్ను తన్నిందంటే కిలో కూడా లేని దీని ఎముకలు నిలవవు. పైగా కుందేలుకి ఏ ఇబ్బందీ పెట్టకుండా ముక్కులో ఉండే ఒకరకం సూక్ష్మజీవి, వీటికి అంటుకుంటే న్యుమోనియా తెస్తుంది. మేతా వేరు, మాటా వేరు. ఒకదాని పలుకు ఇంకోదానికి అర్థం కాదు.

గినీ పిగ్‌లలో ఏది ఏదానితో పొసగుతుందనేదానికి కొన్ని లెక్కలున్నాయి. ఆడవి రెండు కలిసి ఉండగలవు. శస్త్రచికిత్స చేసిన మగదీ, ఆడదీ అయితే చాలావరకు గొడవుండదు. ఆ చికిత్స అయిన వెంటనే కలపకూడదు, ఇంకో ఆరు వారాలు ఆగాలి. రెండు మగవి కూడా కలిసి ఉంటాయి, చోటు పెద్దదై, కనుచూపులో, వాసనలో ఆడది లేకపోతే. మూడు మగవి అంటే మాత్రం కొట్లాట కొనితెచ్చుకోవడమే. ఇవన్నీ ఒక ఎత్తు, వాటి వాటి స్వభావాలు ఒక ఎత్తు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్టు, ఇద్దరు పెత్తందార్లని ఒక చోట పెడితే అవి ఆడవైనా మగవైనా ఒకటే. సున్ని సంగతి మాకు తెలుసు. దానికి కావలసింది కాజాలాంటిది. పోనీలే అనుకోగలిగేది.

మొదట దగ్గర్లో ఉన్న జంతువుల దుకాణానికి వెళ్ళి చూశాం. ఒక ప్లాస్టిక్ బుట్టలో ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి, ఆడా మగా కలిపి. "ఏది కావాలన్నా ఆడదే మేడమ్" అన్నాడు కుర్రాడు. ఆ మాటకే నాకు భయమేసింది. వీటిలో మగపిల్ల మూడు వారాలకే తండ్రి కాగలదు, ఆడది నెలకే చూలు కట్టగలదు. ఆ బుట్టలోంచి ఆడదాన్ని తెస్తే, రెండు నెలలు దాటేసరికి ఇంట్లో ఇంకో నాలుగు ఉండొచ్చు. పొరపాటున మగదాన్ని తెస్తే ఇంకా ప్రమాదం. ఎప్పుడూ ఈనని ఆడదానికి ఏడెనిమిది నెలలు దాటాక కటి ఎముకల మధ్య సందు బిగుసుకుంటుంది. ఆ తర్వాత మొదటిసారి చూలైతే పిల్ల బయటికి రాలేదు. మూడేళ్ళ సున్నికి అది ప్రాణగండమే. ఆడా మగా తేడా పైపైన చూస్తే తెలియదు, తెలిసినవాళ్ళు వెల్లకిలా పట్టుకుని చూడాలి. కాబట్టి మా పై ఫ్లాటావిడకి నేను చెప్పిన మొదటి మాట: కొన్నా, ఊరికే తెచ్చుకున్నా, ఇంటికి తెచ్చేముందు డాక్టరుకి చూపించి ఆడో మగో తేల్చుకోండి.

చివరికి డాక్టరే సైనిక్‌పురిలో ఒకావిడ ఫోన్ నంబరిచ్చారు. జనం మోజుపడి కొనుక్కుని వదిలేసినవాటిని చేరదీసి, చూసుకుంటూ, అడిగినవాళ్ళకి ఇస్తుందట. ఆవిడ ఫోన్లో నా పేరు కన్నా ముందు అడిగింది, "మీది ఆడదా మగదా? వయసెంత? ఎలాంటిది, నెమ్మదా, గడుసా? పోయినది దేనితో పోయింది?" అని. జబ్బుతో పోయిందని చెప్పగానే, మూడు వారాలు ఆగి, డాక్టరు చేత రాయించుకుని రమ్మంది. "మీదాన్ని కూడా తీసుకురండి. అది చూడకుండా మీరొక్కరే చూసి వెళ్ళడం కుదరదండీ."

అంటే పెళ్ళిచూపులన్నమాట. మూడు వారాల తర్వాత ఒక శనివారం సున్నిని బుట్టలో పెట్టుకుని మియాపూర్ నుంచి సైనిక్‌పురి దాకా కార్లో వెళ్ళాం. ఈ ఊళ్ళో ఈ మూల నుంచి ఆ మూలకి. బుట్టలో గడ్డి పరిచి, నీళ్ళు చిందకుండా ఉండాలని కీరాముక్కలు పెట్టాం, దాహం కూడా తీరుతుందని. ఏసీ 24 మీద ఉంచాం. ఇవి చలిదేశపు ప్రాణులు, 27 డిగ్రీలు దాటితే ఆయాసపడతాయి. మన ఎండాకాలంలో వీటిని పెంచడం గురించి ఇంకోసారి రాస్తాను, అదో పెద్ద గ్రంథం.

ఆవిడ వరండాలో దుప్పటి పరిచి, చుట్టూ జాలీ పెట్టి, మధ్యలో ఎండుగడ్డి పెద్ద కుప్పగా పోసింది. గూళ్ళు గానీ, డబ్బాలు గానీ ఏమీ పెట్టలేదు. ఒకే ద్వారం ఉన్న గూటిలో ఒకటి చిక్కుకుపోతే రెండోది ద్వారం దగ్గర నిలబడి కొడుతుందట.

మొదట ఒక తెల్లది వచ్చింది. పెద్దది, బొచ్చు నిగనిగలాడుతోంది. మా పాప చూడగానే "ఇదేనమ్మా" అంది. సున్ని దాన్ని చూసి తల పైకెత్తింది. అదీ ఎత్తింది. ముక్కులు ఆకాశానికి పెట్టి, ఎవరి తల పైన ఉంటే వాళ్ళది పైచెయ్యి. ఒకటి దించాలి. ఏదీ దించలేదు. రెండింటికీ మెడమీద బొచ్చు నిక్కబొడుచుకుంది. తర్వాత పళ్ళు పటపటమని కొట్టుకునే చప్పుడు. చలికి కాదు, కోపానికి. ఆవిడ క్షణం ఆలస్యం చెయ్యకుండా మధ్యలోకి అట్టముక్క జారవిడిచింది. "కుదరదండీ" అంది. పది నిమిషాలు కూడా కాలేదు.

రెండోది రెండు నెలల పిల్ల. అరచేతిలో పట్టేంత. చిన్నపిల్లల్ని పెద్దవి సాధారణంగా ఒప్పుకుంటాయి. సున్ని కూడా ఏమీ అనలేదు. ఆ పిల్ల మాత్రం దాని కడుపు కిందకి దూరడానికి వెంటపడుతుంటే ఇది దూరం దూరం జరిగింది. నేను "ముద్దొస్తోంది కదా, అలవాటు పడుతుందేమో" అన్నాను. ఆవిడ నావైపు చూసి, "పడుతుందండీ. కానీ మీది ఇంకో రెండు మూడేళ్ళలో పోతే ఈ పిల్లకి అప్పటికి మూడేళ్ళే. అప్పుడేం చేస్తారు?" అంది. సరిగ్గా మా అత్తగారి మాట! నేను పాప మొహం చూశాను, పాప పిల్లని చూస్తోంది.

మూడోది నలుపూ తెలుపూ. మూడేళ్ళకి దగ్గరపడుతోంది, చెవి అంచు ఒకటి చిరిగి ఉంది. ఎప్పుడో సరిపడని జతతో పెట్టినప్పటి గాయమట. పెంచినవాళ్ళు విదేశాలకి వెళ్ళిపోతూ వదిలేశారు. పేరు ఓరియో. అందం అని చెప్పుకోవడానికేమీ లేదు. అది వచ్చి ఎవర్నీ పట్టించుకోకుండా గడ్డికుప్ప దగ్గర కూర్చుని తినడం మొదలుపెట్టింది. సున్ని వెళ్ళి వెనకనుంచి వాసన చూసింది. అది కదల్లేదు. సున్ని నడుం అటూ ఇటూ ఊపుకుంటూ, దూరంగా మోటారు తిరుగుతున్నట్టు గుర్ర్‌ర్ అని చప్పుడు చేస్తూ దాని చుట్టూ తిరిగింది. ఇక్కడ పెత్తనం నాది అని చాటడం అది. ఓరియో తల దించి ఇంకో పరక అందుకుంది. ఐదు నిమిషాలు అలా తిరిగి తిరిగి, సున్ని కూడా కుప్పకి అటుపక్క కూర్చుని నమలడం మొదలుపెట్టింది.

నెలరోజుల తర్వాత అది తనంతట తాను, ఎవరూ పెట్టకుండా, అంతసేపు తినడం అదే మొదటిసారి. మావారు "ఇంకేం చూడక్కర్లేదు" అన్నారు.

పాపకి మనసులో తెల్లదే ఉంది. కారెక్కాక చాలాసేపు మాట్లాడలేదు.

చూపులు అయ్యాయి కదా, ఇంటికి తెచ్చి ఒక చోట పడేస్తే అయిపోయింది అనుకోకండి. అసలు పని అప్పుడే మొదలు. అక్కడది పరాయి చోటు, ఇద్దరూ అతిథులే. ఇక్కడ ఇల్లు సున్నిది. అందుకని ఆ రాత్రి రెండింటినీ వేర్వేరు గదుల్లో ఉంచి, జాలీ ఇల్లంతా వెనిగర్ నీళ్ళతో కడిగాం. పాత గుడ్డలన్నీ తీసేసి కొత్త ఫ్లీస్ గుడ్డలు పరిచాం. కాజా కూర్చునే చెక్కగూడు కూడా తీసేశాం. పాప దాన్ని తన గదిలో పెట్టుకుంది. రెండింటికి ఎంత లేదన్నా 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు చోటుండాలి. మాది 5 అడుగులుంది కాబట్టి సరిపోయింది.

ఆదివారం పొద్దున్నే హాల్లో దుప్పటి పరిచాం. ఆ రోజుకి ఎక్కడికీ వెళ్ళే పని పెట్టుకోలేదు, వంట కూడా పులిహోరతో సరిపెట్టాను. చేతికందేలా ఒక మందపాటి తువ్వాలు, చెత్తచేట. ఇవి నిజంగా కలబడితే చేతులు పెట్టకూడదు, ఎముక దాకా కొరుకుతాయి. చేటే అడ్డం పెట్టాలి. గడ్డి కుప్పలు రెండు. వినాయకచవితి పూజకి తెచ్చిన గరికలో ఒక కట్ట ముందే పక్కన పెట్టి ఉంచాను, అదీ వేశాను. అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

మొదటి అరగంట సున్ని దాన్ని హాలంతా తరిమింది. తర్వాత వీపుమీదికి ఎక్కింది. అత్తగారు "ఇదేం చోద్యం, రెండూ ఆడవే కదే!" అన్నారు. అది సంసారం కాదత్తయ్యా, పెత్తనం అని చెప్పాను. ఓరియో కీచుమని అరిచింది. ఆ అరుపు వింటే ఎవరికైనా గుండె జారుతుంది. పాపకి కళ్ళనీళ్ళు వచ్చేశాయి. "అమ్మా, అది చంపేస్తోంది, విడదీయమ్మా" అని నా చెయ్యి పట్టుకుని లాగింది. మావారు కూడా "తీసెయ్, ఇంకోసారి చూద్దాం" అన్నారు.

నేను తియ్యలేదు. సైనిక్‌పురి ఆవిడ వందసార్లు చెప్పింది ఇదే. ఆ అరుపు దెబ్బ తగిలిన అరుపు కాదు, "నువ్వే పెద్దదానివిలే, వదిలెయ్" అనే అరుపు. తరమడం, ఎక్కడం, వెంట్రుకలు పీకడం, వెనకభాగాన చిన్నగా కొరకడం, ఇవన్నీ ఎవరు పెద్దో ఎవరు చిన్నో తేల్చుకునే మాటలే. మధ్యలో మనం విడదీస్తే ఆ మాట సగంలో ఆగిపోతుంది. రేపు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి, ఈసారి ఇంకా కోపంగా. రెండూ ఎదురెదురుగా నిలబడి, బొచ్చు లేచి, ఆగకుండా పళ్ళు పటపటలాడిస్తే చేట అడ్డం పెట్టు. రక్తం కనపడితే విడదీసెయ్, ఆ జత వదులుకో. అంతకుముందు మాత్రం చేతులు కట్టుకు కూర్చో. ఇది చదవడానికి తేలిక. కళ్ళముందు ఒక ప్రాణి అరుస్తుంటే ఊరుకోవడం ఎంత కష్టమో ఆ పూట తెలిసింది. నా కళ్ళు దాని చెవుల మీదే ఉన్నాయి, ఎక్కడైనా ఎర్రగా కనపడుతుందేమోనని.

కనపడలేదు. పదకొండున్నరకి సున్నికి అలుపొచ్చింది. మూడు గంటలు తరిమి తరిమి, గరిక దగ్గరికి వచ్చి కూర్చుంది. ఓరియో ఇంకో కుప్ప దగ్గర. కాసేపటికి సున్ని కాళ్ళు ఒక పక్కకి చాపుకుని పడుకుంది. కాళ్ళు చాపి పడుకుందంటే భయం లేదని. అత్తగారు, "నీకూ నాకూ సర్దుకునేసరికి మూడేళ్ళు పట్టింది, వీటికి మూడు గంటలు" అని నవ్వారు. నేనేమీ అనలేదు. మూడు కాదు, ఐదు.

సాయంత్రం రెండింటినీ కొత్తగా సర్దిన జాలీ ఇంట్లో పెట్టాం. అందులో అన్నీ రెండేసి. నీళ్ళ సీసాలు రెండు, గిన్నెలు రెండు, గడ్డి రెండు చోట్ల. ఆన్‌లైన్‌లో వచ్చిన అట్టపెట్టెలకి రెండేసి ద్వారాలు కోసి గూళ్ళు చేశాం. మన ఇళ్ళల్లో ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు వెలిగాయంటే ఇల్లు విడిపోయిందని అర్థం. ఇక్కడ తిరకాసు. పొయ్యిలు రెండుంటేనే కాపురం నిలుస్తుంది.

తర్వాతి నాలుగు రోజులూ ఫరవాలేదు. ఆరో రోజు రాత్రి మాత్రం సున్ని మళ్ళీ తరమడం మొదలుపెట్టింది. గుర్రుమంటూ, ఎక్కుతూ, తెల్లవార్లూ. ఈ ఆడవి సుమారు 16 రోజులకోసారి ఎదకొస్తాయి, ఆ ఒకటి రెండు రోజులు ఇంతే. అది తెలిసినా, ఓరియో గూట్లో ముడుచుకుని కూర్చోవడం చూస్తే నాకు అనుమానం వచ్చింది. సున్ని ఒంటరితనం తీర్చడానికి తెచ్చి, దీని బతుకుని భయంలోకి నెట్టామా అని. చెవి చిరిగిన ప్రాణి అది, ఒకసారి ఇలాంటిదంతా పడింది. దానికి ఇష్టముందో లేదో మేమెవరం అడిగాం? సైనిక్‌పురి ఆవిడ రెండు వారాల గడువిచ్చింది. కుదరకపోతే ఏ రోజైనా తీసుకెళ్ళి ఇచ్చేయొచ్చు.

మావారు ఇచ్చేద్దామన్నారు. పాప, మొదట తెల్లదే కావాలన్న పిల్ల, వద్దంది. నేను త్రాసు తీశాను.

జతలో ఒకదాన్ని ఇంకోటి మేత దగ్గరికి రానివ్వకపోతే, అది ముందు బరువులో తెలుస్తుంది. మన కళ్ళముందు ఎలా ఉన్నా, రాత్రంతా ఏం జరిగిందో త్రాసు చెబుతుంది. అందుకే ఆ రెండు వారాలూ వారానికోసారి కాకుండా రోజూ తూచాను. ఓరియో వచ్చిన రోజు 1,020 గ్రాములు. మూడో రోజు 1,008. ఏడో రోజు, అంటే ఆ రాత్రి గొడవ తర్వాత, 1,015. చిన్న చిన్న తేడాలు నీళ్ళు తాగితేనే వస్తాయి. తరిమించుకుంటోంది, అరుస్తోంది, కానీ తింటోంది. కడుపునిండా తింటోంది. సున్ని 890 నుంచి 906కి వచ్చింది. అట్ట మీద రెండు వరసలూ పక్కపక్కన రాసి మావారికి చూపించాను. ఆయన బ్యాంకు మనిషి, అంకెలుంటే నమ్ముతారు. "సరే, గడువయ్యేదాకా ఉంచుదాం" అన్నారు. మర్నాటి సాయంత్రానికి సున్ని వేడి దిగింది.

రెండు వారాలయ్యేసరికి సున్ని 925. ఇప్పుడు ఫ్రిజ్ తలుపు తీస్తే మొదట ఓరియో అరుస్తోంది, దాని వెనక సున్ని.

ఫోటోల్లో చూసినట్టు ఇవి ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని పడుకుంటాయని ఆశపడితే మాత్రం నిరాశే. కొన్ని జతలు అలా ఉంటాయేమోగానీ మావి ఎప్పుడూ మధ్యలో జానెడు దూరం ఉంచుకునే పడుకుంటాయి. సున్ని ఇప్పటికీ ఓరియో నోట్లోంచి కొత్తిమీర లాక్కుంటుంది. ఓరియో ఇంకో కాడ అందుకుంటుంది. ఒకటి గూట్లోంచి బయటికొస్తే రెండు నిమిషాల్లో రెండోదీ వస్తుంది. నేను చూసిన స్నేహం ఇంతే. త్రాసుకి ఇది చాలింది.

అత్తగారికి ఓరియో అనే పేరు నోరు తిరగదు. "ఒరేయ్" అంటారు. ఆడదాన్ని పట్టుకుని ఒరేయ్ ఏమిటి బామ్మా అని పాప నవ్వుతుంది. మొదట్లో సరిచేసేవాళ్ళం, ఇప్పుడు అదీ ఒరేయ్ అంటేనే వస్తోంది.

గడువు ముగిశాక సైనిక్‌పురి ఆవిడ ఒక కాగితం పంపింది సంతకం పెట్టమని. పిల్లలు పెట్టించకూడదు, అమ్మకూడదు, ఏడాదికోసారి డాక్టరుకి చూపించాలి, ఇలాంటివి. చివర్లో ఒక షరతు ఉంది. రెండింటిలో ఏది ముందు పోయినా ఆవిడకి చెప్పాలి. మిగిలినది సున్ని అయితే, తనదగ్గరున్న పెద్ద వయసువాటిలో ఒకదాన్ని దాని ఆఖరిదాకా తోడుకి ఇస్తుంది, తర్వాత వెనక్కి తీసుకుంటుంది. మిగిలినది ఓరియో అయితే, మేము వద్దనుకుంటే, దాన్ని తన గుంపులోకి తీసుకుంటుంది. స్విట్జర్లాండు ఎరువు సైనిక్‌పురి దాకా వచ్చిందన్నమాట.

ఆ కాగితాన్ని గ్యాస్ పుస్తకం, ఇంటి పన్ను రసీదులు ఉండే ఫైల్లో పెడుతుంటే అత్తగారు అదేమిటని అడిగారు. చదివి వినిపించాను. ఆఖరి షరతు రెండోసారి చదవమన్నారు, చదివాను.

"అయితే సరే" అన్నారు. కాసేపాగి, "ఆ ఒరేయ్ వైపు గడ్డి అయిపోయింది, చూడు" అన్నారు.